జవాబు దొరికింది, పాఠం జారిపోయింది

ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ పరీక్షలో 4 భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు 30 నిమిషాల ఆడియో ఉంటాయి. ఆడియోను ఒక్కసారే వినిపిస్తారు, వెనక్కి తిప్పి వినే వీలుండదు. మొదటి రెండు భాగాలు అద్దె ఇల్లు, టూర్ బుకింగ్, మ్యూజియం వేళలు లాంటి రోజువారీ వ్యవహారాలతో నడుస్తాయి. మూడో భాగంలో సీను యూనివర్సిటీకి మారుతుంది. ఒకరిద్దరు విద్యార్థులు, చాలాసార్లు వారితో పాటు ఒక ట్యూటరు, రాయాల్సిన పేపరు గురించి మాట్లాడుకుంటారు. ఏ అంశం తీసుకోవాలి, ఏ పుస్తకాలు చూడాలి, రిఫరెన్సులు ఎలా ఇవ్వాలి, ఎప్పటిలోగా అప్పగించాలి అన్నదే వారి చర్చ. ప్రొఫెసర్ గదిలోనో లైబ్రరీ కౌంటర్ దగ్గరో సాగే ఇలాంటి సంభాషణలు టోఫెల్‌లోనూ ఏళ్ల తరబడి వచ్చినవే. విదేశీ చదువుకు సిద్ధమయ్యే మన పిల్లలు నెలల తరబడి వీటినే వింటారు, జవాబులు పట్టుకుంటారు. కానీ ఆ సంభాషణలో చెబుతున్న పనిని, అంటే ఒక విషయాన్ని వెతికి, ఆధారాలు చూపి, పద్ధతిగా రాసి ఇవ్వడాన్ని ఒక్కసారి కూడా చేయకుండానే విమానం ఎక్కుతున్నవారు ఎందరో. ఇంగ్లిష్ వినడం మీద పెడుతున్న శ్రద్ధలో కొంతైనా ఆ ఇంగ్లిష్‌లో వినిపిస్తున్న విషయం మీద పెట్టాలి. ఆ బాధ్యతను మన డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలే తీసుకోవాలి.

ప్రాక్టీస్ టెస్టుల్లో వచ్చే తరహా సంభాషణ ఒకటి ఊహించుకుందాం. పర్యాటకం వల్ల ద్వీపాలకు కలిగే నష్టం మీద రాస్తానని విద్యార్థిని చెబుతుంది. అది ఒక పుస్తకానికి సరిపడేంత అంశం, ఒక్క ద్వీపం, ఒక్క దశాబ్దం తీసుకొమ్మని ట్యూటరు సలహా ఇస్తాడు. తాను మూడు వెబ్‌సైట్లు చూశానంటుంది ఆమె. వాటిని ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అక్కడి హోటళ్లతో వారికి సంబంధం ఉందా అని అతను ఆరా తీస్తాడు. జర్నల్ వ్యాసాలు కనీసం ఐదు చూడాలని, చివర ఇచ్చే జాబితా రచయితల పేర్ల అక్షర క్రమంలో ఉండాలని, వరుసల మధ్య డబుల్ స్పేసింగ్ పాటించాలని చెబుతాడు. పదాల పరిమితి 2,500 అని మొదట అని, అది నిరుటిది, ఈ ఏడాది 3,000 అని సవరించుకుంటాడు. ప్రశ్నపత్రంలో అడిగేది ఆ సంఖ్యనే. ట్యూటరు మాట మార్చుకునే చోటే వల పన్ని ఉంటుందని, ముందు వినబడిన అంకెను వెంటనే రాసేయొద్దని కోచింగ్‌లో చెబుతారు. విద్యార్థి 3,000 అని రాస్తాడు, మార్కు పడుతుంది, తర్వాతి ఆడియోకు వెళ్లిపోతాడు. వెబ్‌సైట్ రాసింది ఎవరని ఆ ట్యూటరు ఎందుకు అడిగాడో, అంశాన్ని ఎందుకు కుదించమన్నాడో క్లాసులో ఎవరికీ పట్టదు. ప్రశ్నపత్రం అడగలేదు కాబట్టి అది సిలబస్‌లో లేనట్టే. పరీక్షకు పనికొచ్చిన అంకె ఆ సాయంత్రంతో తీరిపోతుంది. చదువంతా అక్కరకొచ్చే ప్రశ్న మాత్రం చెవి దాకా వచ్చి వెనుదిరుగుతుంది.

దాని ఫలితం మొదటి సెమిస్టర్‌లోనే కనబడుతుంది. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అక్కడి విదేశీ విద్యార్థులను పదిమందిగా లెక్కేస్తే అందులో దాదాపు ముగ్గురు మనవాళ్లే. ఇందులో తెలుగు రాష్ట్రాల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ స్లాట్ల కోసం పడే పాట్లు చూస్తే తెలుస్తుంది. ఎంఎస్‌లో చేరిన మొదటి వారంలో చేతికొచ్చే కోర్సు సిలబస్‌లోనే ఏ స్టైల్‌లో రిఫరెన్సులు ఇవ్వాలో, కాపీ కొడితే ఏం జరుగుతుందో రాసి ఉంటుంది. రాసిన పేపరు చాలాచోట్ల కాపీని పసిగట్టే టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ గుండా వెళ్తుంది. ఇంకొకరి పేరాను మూలం చెప్పకుండా వాడుకుంటే ఆ అసైన్‌మెంట్‌కు సున్నా పడవచ్చు, కోర్సు పోవచ్చు, తీవ్రమైన సందర్భాల్లో సస్పెన్షన్ దాకా వెళ్లవచ్చు. సస్పెండైన విద్యార్థి ఎఫ్-1 వీసా హోదా కూడా చిక్కుల్లో పడుతుంది. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చివర పది, పదిహేను వేల పదాల డిసర్టేషన్ రాయమనడం మామూలే. ఏరు దాటాక తెప్ప తగలేసే అలవాటు మనకు కొత్త కాదు కానీ, ఇక్కడ అవతలి ఒడ్డున ఇంకా పెద్ద ఏరు ఉంది. కావాల్సిన బ్యాండ్ స్కోరు వచ్చిందని పక్కన పడేసిన పాఠమే అక్కడ మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు ఎదుట ప్రశ్నపత్రం ఉండదు, గుర్తించడానికి నాలుగు ఆప్షన్లూ ఉండవు.

ఈ లోటుకు పిల్లలను నిందించి లాభం లేదు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఈఏపీసెట్ (పాత ఎంసెట్), జేఈఈ బిట్లతో సరిపోతాయి. అక్కడ ఏ జవాబుకూ మూలం చూపాల్సిన పని లేదు. ఇంజినీరింగ్‌లో చేరాక మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్‌లో లిజనింగ్ అభ్యాసాలు చేయిస్తారు. చివరి ఏడాది ప్రాజెక్టుకు వచ్చేసరికి కథ మారిపోతుంది. టైటిల్స్ లిస్టు, ఒక బేస్ పేపరు, నడిచే కోడ్, బైండింగ్‌తో సహా డాక్యుమెంటేషన్ కలిపి అమ్మే వ్యాపారం అమీర్‌పేటలో బహిరంగంగానే సాగుతుంది. ఆ డాక్యుమెంటేషన్ వెనక రెండు పేజీల రిఫరెన్సులు ఉంటాయి. వాటిలో ఒక్క పేపరైనా తెరిచి చూశావా అని వైవాలో అడిగేవారు అరుదు. అలాగని నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. గ్రంథచౌర్యాన్ని అరికట్టేందుకు యూజీసీ 2018లో నియమావళి తెచ్చింది. ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాటితే సవరించి మళ్లీ ఇవ్వాలని, 40 శాతం దాటితే ఏడాది ఆగాలని, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దని అందులో ఉంది. అయితే ఈ శిక్షలు మాస్టర్స్, పరిశోధన స్థాయి విద్యార్థులకే. విద్యా నిజాయతీ సూత్రాలను డిగ్రీ స్థాయి నుంచే పాఠ్యాంశంగా తప్పనిసరి చేయాలని కూడా అదే నియమావళి చెబుతోంది. ఆచరణలో మాత్రం పరిశోధన నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సు 2019లో పీహెచ్‌డీ విద్యార్థులకు తప్పనిసరి అయింది, డిగ్రీ విద్యార్థి దగ్గరికి పాఠం చేరలేదు. శిక్ష ఏమిటో చెప్పాం, పని ఎలా చేయాలో నేర్పలేదు. పీహెచ్‌డీకి వెళ్లేది కొద్దిమంది. మిగతావారంతా ఈ పాఠం వినకుండానే పట్టా పుచ్చుకుంటున్నారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మార్జిన్ ఒక అంగుళం ఉండాలా, కామా ఎక్కడ పెట్టాలి, పుస్తకం పేరు ఇటాలిక్స్‌లో ఉందా లేదా అన్నదంతా చాదస్తం కాదా, విషయం బాగుంటే చాలదా అని. కొంత నిజమే, ఈ నియమాలను బెత్తంలా వాడే అధ్యాపకులు అన్ని దేశాల్లోనూ ఉంటారు. కానీ ఈ పద్ధతులు ఎందుకు పుట్టాయో చూస్తే చాదస్తం అనే మాట నిలవదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ స్టైల్ 1929లో ఒక జర్నల్‌లో ఏడు పేజీల మార్గదర్శకంగా మొదలైంది. రాతప్రతులు తలా ఒక తీరుగా వస్తుంటే చదివేవారికి, అచ్చు వేసేవారికి కష్టమవుతోందన్నదే కారణం. షికాగో యూనివర్సిటీలో డిసర్టేషన్లను సరిచూసే ఉద్యోగిని కేట్ టురాబియన్ విద్యార్థుల కోసం 1937లో కూర్చిన చిన్న పుస్తకం నేటికీ కొత్త కూర్పులతో వస్తోంది. ఒక్కో స్టైల్ వెనక ఒక్కో రంగం అవసరం ఉంది. ఏపీఏలో రచయిత పేరు పక్కనే సంవత్సరం వస్తుంది. ఎందుకంటే మనస్తత్వశాస్త్రంలో 1985 నాటి ఫలితమా, 2020 నాటిదా అన్నది చదివేవాడికి వెంటనే తెలియాలి. సాహిత్యం వాళ్లు వాడే ఎంఎల్ఏలో పేరు పక్కన పేజీ సంఖ్య వస్తుంది. అక్కడ ఆ వాక్యం మూలంలో ఎక్కడుందో తెరిచి చూసుకోవడం ముఖ్యం. ఇంజినీర్ల ఐఈఈఈ పద్ధతిలో బ్రాకెట్లో ఒక అంకె ఉంటే చాలు, సమీకరణాల మధ్య పేర్లు అడ్డం రావు. ఇదంతా నువ్వు చెప్పింది నిజమో కాదో నేను సరిచూసుకోగలనా అనే పాఠకుడి హక్కు కోసం చేసిన ఏర్పాటు. ఈ కారణం చెప్పకుండా కామాలు మాత్రం నేర్పితే అది చాదస్తమే అవుతుంది.

ఆ కామాలు పెట్టడానికి సాఫ్ట్‌వేర్ ఉంది కదా అన్నది రెండో అభ్యంతరం. ఉంది, వాడాలి కూడా. జొటెరో 2006 నుంచి ఉచితంగా దొరుకుతోంది. ఒక్క క్లిక్‌తో జాబితా తయారవుతుంది. కానీ దానికి ఏ సమాచారం ఇస్తామో అదే బయటికి వస్తుంది. తెలుగు పేర్లనే తీసుకోండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. 1906లో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పుస్తకాన్ని ఒక విద్యార్థి రిఫరెన్స్‌గా ఇచ్చాడనుకుందాం. చివరి మాటే ఇంటిపేరు అనుకునే సాఫ్ట్‌వేర్ దాన్ని ‘రావు, కె.వి.ఎల్.’ అని ఆర్ అక్షరం కింద చేర్చేస్తుంది. అసలు ఇంటిపేరు కొమర్రాజు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, గౌరవవాచకమైన రావు వంశనామమై కూర్చుంటుంది. ఆ జాబితాలోనే ఇంకో అరడజను మంది రావులు, రెడ్లు, శాస్త్రులు ఉంటే ఎవరి పుస్తకం ఎవరిదో తేల్చుకోవడం గగనం. దాన్ని సరిచేయాలంటే మూలం తెరిచి చూసి, రచయిత ఎవరో తెలుసుకుని, పేరును ఎలా విడగొట్టాలో నిర్ణయించుకోవాలి. సాఫ్ట్‌వేర్ చేతి పనిని తగ్గిస్తుంది, తెలియనితనాన్ని మాత్రం అచ్చులో నీటుగా చూపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి సరే, చాట్‌జీపీటీ మొత్తం పేపరే రాసిస్తుంటే ఇక ఈ తంటా ఎందుకని మూడో ప్రశ్న. దీనికి న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు 2023లోనే జవాబిచ్చింది. ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను ఉటంకిస్తూ పత్రం దాఖలు చేశారు. ఆ తీర్పులు ఎక్కడా లేవు. పేర్లు, నంబర్లు, సంవత్సరాలు అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి, కేసులే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా విధించింది. రిఫరెన్సు రూపం సరిగ్గా ఉండి మూలమే లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. మన పిల్లలకు సంబంధించి దీనికి ఇంకో పార్శ్వం ఉంది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2023లో ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏఐ రాతను పసిగడతామనే ఏడు సాధనాలతో పరీక్షించారు. మనుషులు రాసిన ఆ వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని అవి యంత్రం రాసినవిగా తేల్చేశాయి. పరిమితమైన పదజాలం యంత్రం శైలిలా కనబడటం దీనికి ఒక కారణం. అంటే ఏ తప్పూ చేయని తెలుగు విద్యార్థి మీద కూడా అనుమానం రావచ్చు. అప్పుడు అతన్ని కాపాడేవి ఏ పుస్తకంలో ఏ పేజీ చూశాడో రాసుకున్న నోట్సు, దిద్దుకుంటూ వచ్చిన చిత్తుప్రతులు, తాను వాడిన ప్రతి మూలాన్నీ తెరిచి చూపగలగడం. ఆ అలవాటు ఒక్క రాత్రిలో రాదు.

కోచింగ్ సెంటర్ల వైపు నుంచి వచ్చే మాటనూ వినాలి. వాళ్లు ఫీజు తీసుకునేది స్కోరు తెప్పించడానికి. వీసాకు, అడ్మిషన్‌కు అడిగే బ్యాండ్ రాకపోతే తర్వాతి సంగతే లేదు. ఆరు వారాల కోర్సులో పరిశోధన పద్ధతులు నేర్పమనడం అన్యాయం. ఈ వాదన న్యాయమైనదే, అందుకే భారం వాళ్ల మీద వేయకూడదు. పైగా విదేశాలకు వెళ్లేవారు మొత్తం విద్యార్థుల్లో కొద్దిమందే, కొందరి కోసం అందరికీ ఈ పాఠం ఎందుకన్న మాట కూడా వినిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఉండిపోయేవారికే దీని అవసరం ఎక్కువ. అక్కడికి వెళ్లినవారికి రైటింగ్ సెంటర్ ఉంటుంది, లైబ్రేరియన్ ఉంటారు, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ ఉంటాయి. మొదటి దెబ్బ తగిలాకైనా నేర్చుకుంటారు. ఇక్కడి విద్యార్థి రేపు పంచాయతీ నివేదిక రాసినా, మందుల కంపెనీలో నాణ్యత రికార్డు నింపినా, పత్రికలో వార్త రాసినా ఈ అంకె ఎక్కడిది, ఎవరు చెప్పారు, ఎప్పటిది అన్న ప్రశ్నలు వేసుకోవాల్సినవాడే. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డ్‌నూ పక్కవాడికి పంపేసే సమాజంలో ఆ ట్యూటరు అడిగిన ప్రశ్న ఐఈఎల్‌టీఎస్ అభ్యర్థులకే పరిమితమైతే నష్టపోయేది మనమే.

ఇది పరాయి సంప్రదాయం, మన చదువులకు అతకదు అనుకోనక్కర్లేదు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని అచ్చు వేయించినప్పుడు ఆ కవి కాలం ఏది, ఆ కావ్యం నిజంగా అంత ప్రాచీనమైనదేనా అని తెలుగు పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. వాళ్లు తాళపత్ర ప్రతులు చూశారు, శాసనాల భాషతో పోల్చారు, ఛందస్సు పరిశీలించారు, ఎదుటివారు ఏ ఆధారం ఏ చోట చూపారో వేలెత్తి చూపి ఖండించారు. మూలం ఎక్కడిదో తేలే దాకా వదలని ఆ పట్టుదలే ఏ పరిశోధన పేపరుకైనా ప్రాణం. కాబట్టి ఈ నేర్పు ఇంగ్లిష్‌లోనే మొదలు కావాలన్న నియమం లేదు. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివే విద్యార్థి తన ఊరి చెరువు మీదో, మండలంలో పత్తి సాగు మీదో తెలుగులోనే మూడు పేజీలు రాసి, ప్రతి వివరానికీ మూలం చూపడం నేర్చుకుంటే, తర్వాత లిజనింగ్‌లో ట్యూటరు మాటలు అతనికి కొత్త పదాల మూటలా కాకుండా తెలిసిన పని గురించిన ముచ్చటగా వినబడతాయి. విషయం తెలిసినప్పుడు చెవి కూడా చురుకవుతుంది. తర్వాత ఏం వస్తుందో ఊహించగలిగేవాడికి జవాబు పట్టుకోవడం తేలిక. అంటే స్కోరు కోసమే చూసుకున్నా ఇది నష్టం లేని బేరం.

మరి అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్క అధ్యాపకుడు ఇవన్నీ ఎప్పుడు దిద్దాలి? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఖాళీ పోస్టులు, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న కాలేజీల్లో పెద్ద పథకాలు కాగితాల మీదే ఉండిపోతాయి. అందుకే చిన్నగా మొదలుపెట్టాలి. మొదటి ఏడాది ఇంగ్లిష్ ల్యాబ్‌లో వినిపిస్తున్న ఆడియోల్లో పేపరు గురించిన సంభాషణ ఒకటి తీసుకుని, జవాబులు సరిచూశాక మరో గంట ఆ ట్యూటరు చెప్పిన పనినే చేయించవచ్చు. అంశం కుదించడం, రెండు మూలాలు వెతకడం, వాటిలో ఒకదాన్ని ఎందుకు నమ్మకూడదో రెండు వాక్యాలు రాయడం, ఒక రిఫరెన్సును పూర్తిగా సరిగ్గా ఇవ్వడం. సెమిస్టర్ చివరికి మూడు పేజీలు, ఐదు మూలాలు చాలు. చిత్తుప్రతిని తోటి విద్యార్థి సరిచూడాలి, అధ్యాపకుడు ఒక్కో పేపరులో ఏదో ఒక మూలాన్ని మాత్రం తెరిచి చూడాలి. ఏది తెరుస్తారో తెలియనప్పుడు ఐదూ సరిగానే ఇస్తారు. పుస్తకాలు, జర్నళ్లు అందుబాటులో లేవనే సాకు కూడా బలహీనపడుతోంది. కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో 2025లో ప్రారంభించిన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం ద్వారా 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు తెరుచుకున్నాయి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. చివరి ఏడాది వైవాలో రిఫరెన్సుల పేజీ నుంచి ఒక ప్రశ్న తప్పనిసరి చేస్తే, కొనుక్కొచ్చిన డాక్యుమెంటేషన్‌కు సగం గిరాకీ దానంతట అదే తగ్గుతుంది. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనమూ అక్కర్లేదు. డిగ్రీ నుంచే నేర్పాలన్న నిబంధన 2018 నుంచీ పుస్తకంలో ఉంది. దాన్ని టైమ్‌టేబుల్లోకి ఎక్కించడమే మిగిలింది.